టెక్ సందేహాలు: షట్టర్ పాతదే, రిమోట్ ఎక్కడ దొరుకుతుంది?

ప్రశ్న: 2014లో హుద్‌హుద్‌కి మా కారు షెడ్డు తలుపు ఎగిరిపోతే, దాని బదులు మోటారు షట్టర్ వేయించాం. ఇప్పుడు రిమోట్ పనిచేయడం లేదు. షట్టర్ వేసినాయన ఫోన్ ఎత్తడం లేదు. మోటారు మీద కంపెనీ పేరు ఉప్పుగాలికి చెరిగిపోయింది. ఏమని వెతకాలి?
- ఒక పాఠకుడు, లాసన్స్ బే కాలనీ

జవాబు: పేరు చెరిగిపోయిందని బెంగ పెట్టుకోకండి. ఒకే రకం మోటారుకు రకరకాల స్టిక్కర్లు అంటించి అమ్మడం మన దగ్గర మామూలే. వెతకాల్సింది పేరుతో కాదు, లోపలి పార్టు మీద అచ్చయిన నంబరుతో.

ముందు బ్యాటరీ మార్చి చూడండి. ఈ రిమోట్లలో ఎక్కువగా ఉండేది 12 వోల్టుల చిన్న బ్యాటరీ. 23ఏ, 27ఏ అని రెండు సైజులున్నాయి, 27ఏ కాస్త సన్నం. పాతది పట్టుకెళ్లి చూపించి తెచ్చుకోండి. నొక్కితే లైటు వెలుగుతోంది కదా, బ్యాటరీ బాగానే ఉందనుకోవద్దు. లైటుకు సరిపోయే కరెంటు సిగ్నల్‌కు సరిపోకపోవచ్చు.

దానికీ పలక్కపోతే వెనక స్క్రూ విప్పండి. బోర్డు మీద గుండ్రటి చిన్న లోహపు డబ్బీ లాంటిది కనిపిస్తే, దాని మీద ఆర్433 అనో ఆర్315 అనో ఉంటుంది. అది రిమోట్ పంపే రేడియో సిగ్నల్ ఫ్రీక్వెన్సీ, మెగాహెర్ట్జ్‌లలో. ఇది చూడకుండా కొని నేను దెబ్బతిన్నాను. మా ఇంటి రిమోట్‌కి అచ్చం కవల పిల్లలా ఉందని, నాలుగు బటన్లు, జరిపే మూత అన్నీ సరిపోయాయని ఆన్‌లైన్‌లో తెప్పించాను. విప్పి చూస్తే లోపల 315. మోటారు దగ్గర సిగ్నల్ అందుకునే మా రిసీవర్ 433.92.

తర్వాత నల్లటి చిప్ మీద నంబరు చదవండి. ఫోన్ కెమెరాతో జూమ్ చేస్తే తెలుస్తుంది. పీటీ2262, ఈవీ1527 లాంటివైతే కోడ్ ఎప్పుడూ ఒకటే. ఇంట్లో పనిచేసే రెండో రిమోట్ ఉంటే, అదే ఫ్రీక్వెన్సీ ఉన్న కాపీ రిమోట్‌ను దాని పక్కన పెట్టి కోడ్ నేర్పిస్తే సరి. మీకు సుఖమే, మీ సిగ్నల్‌ను పట్టుకునే దొంగకూ సుఖమే. హెచ్‌సీఎస్301 అని ఉంటే అది రోలింగ్ కోడ్. నొక్కిన ప్రతిసారీ కోడ్ మారుతుంది కాబట్టి కాపీ రిమోట్ పనికిరాదు. రిసీవర్ బోర్డు మీదుండే లెర్న్ బటన్ నొక్కి, దానికి సరిపడే కొత్త రిమోట్‌ను నమోదు చేయాలి.

రెండో రిమోట్ కూడా లేకపోతే, లేదా రిసీవరే పోతే, పాతదాని జాడ కోసం తిరగడం దండగ. గోడ మీద పైకి, కిందికి, ఆపు అని మూడు మీటలు ఉంటాయి కదా, ఎలక్ట్రీషియన్‌తో ఆ వైర్లకే కొత్త రిసీవర్, రిమోట్ల సెట్టు కలిపించుకోండి. ఒక్క షరతు: పైకి, కిందికి రిలేలు (రిసీవర్‌లో మీటల్లా పనిచేసేవి) రెండూ ఒకేసారి ఆన్ కాకుండా ఇంటర్‌లాక్ ఉండాలి. లేకపోతే ఈసారి మోటారు కోసం నాకు రాయాల్సి వస్తుంది.

ప్రశ్న: మా కొట్టు షట్టర్ కిందికి బాగానే దిగుతుంది. పైకెత్తేటప్పుడు గుంయ్ మంటుంది తప్ప కదలదు. గొలుసుతో కాస్త లాగితే అప్పుడు ఎత్తుతుంది. మోటారు మార్చేయమంటున్నారు.
- గాజువాక నుంచి

జవాబు: ఆగండి. మీరు చెప్పిన లక్షణాలకు నా అనుమానం కెపాసిటర్ మీదే. సింగిల్ ఫేజ్ మోటారుకు మొదట తిరిగే ఊపు ఇచ్చేది అదే. అది బలహీనపడితే బరువు దింపుతుంది గానీ ఎత్తలేదు. దాని మీద మైక్రోఫారడ్ అంకె ఉంటుంది. కొత్తదానికీ అదే అంకె ఉండాలి, వోల్టేజీ మాత్రం అంతే ఉన్నా, ఎక్కువున్నా ఫరవాలేదు. మెయిన్ ఆపినా అందులో చార్జి మిగిలి ఉండొచ్చు, చేయి పెట్టకండి, ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి. అది మార్చినా కదలకపోతే అప్పుడు గేరు సంగతి. అరిగిన పళ్లచక్రం బజారులో దొరక్కపోతే ఆటోనగర్ పక్కనే ఉంది కదా, పాత చక్రం చూపించి లేత్ వాళ్లను అడగండి.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికా నుంచి గ్యారేజీ తలుపుల యూనివర్సల్ రిమోట్ పంపాడు. ఎంత నొక్కినా మా షట్టర్ పలకదు.
- ఎం.వి.పి. కాలనీ నుంచి

జవాబు: రిమోట్ మంచిదే, దేశమే వేరు. అక్కడి ఓపెనర్లు ఎక్కువగా 300, 310, 315, 390 మెగాహెర్ట్జ్‌ల మీద నడుస్తాయి. ఇక్కడి షట్టర్లలో ఎక్కువగా 433.92. అబ్బాయిని నొప్పించకుండా దాచిపెట్టేయండి.

ప్రశ్న: చేత్తో ఎత్తే పాత షట్టర్ ఉన్నట్టుండి బండరాయిలా బరువెక్కింది. స్ప్రింగ్ ఆన్‌లైన్‌లో కొని నేనే వేసుకోవచ్చా?
- భీమిలి నుంచి

జవాబు: వద్దండి. పైన పైపులో చుట్టుకుని ఉండే స్ప్రింగుల్లో ఒకటి తెగినట్టుంది. మిగతావి ఇంకా బిగువు మీదే ఉంటాయి, విప్పబోతే చేతివేళ్లకే ముప్పు. షట్టర్ మిస్త్రీని పిలవండి. తెగిన ముక్కను మాత్రం పాత ఇనుము వాళ్లకు వేసేయనివ్వకండి. దాని పట్టీ వెడల్పు, మందం, పైపు లావు కొలుచుకుంటేనే సరైన స్ప్రింగ్ దొరుకుతుంది.