షిరకావాగోను ఉదాహరణగా తీసుకోండి

ఆర్థికాభివృద్ధి జపాన్ పల్లెల జానపద సంస్కృతిని నాశనం చేసిందా, నిలబెట్టిందా, ఏ వాదనతో వ్యాసం రాయాలని మీరు అడిగారు. గిఫు ప్రిఫెక్చర్‌లోని (రాష్ట్రం లాంటి పాలనా విభాగం) షిరకావాగో అనే పల్లె ప్రాంతాన్ని తీసుకుంటే రెండూ ఒకే లోయలో కనిపిస్తాయి కనుక, ఏదో ఒక పక్షం ఎంచుకోవలసిన అవసరం ఉండదు.

అక్కడి ఏటవాలు గడ్డికప్పుల ఇళ్లలో, అటకల మీద పట్టుపురుగులను పెంచేవారు. ఆ ఆదాయం పోయి, యువత నగరాలకు తరలి, 1960 ప్రాంతంలో పూర్తయిన మిబోరో ఆనకట్ట జలాశయంలో కొన్ని ఊళ్లు మునిగిపోవడంతో అలాంటి ఇళ్లు వేగంగా తగ్గిపోయాయి. 1971లో షిరకావాగోలోని ఓగిమాచి అనే ఊరి గ్రామస్థులు ఇళ్లను అమ్మరాదని, అద్దెకివ్వరాదని, కూల్చరాదని కట్టుబాటు చేసుకున్నారు. 1995లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది, పర్యాటకం పెరిగింది.

వ్యాసంలో ఎక్కువ చోటు మాత్రం 'యుయి'కి ఇవ్వండి. ఊరివారంతా కూలి తీసుకోకుండా, వంతులవారీగా ఒకరి ఇంటికప్పు గడ్డిని మరొకరు కొత్తగా వేసిపెట్టే ఈ శ్రమ మార్పిడి, చేతులు తగ్గిపోవడంతో పలచబడింది. ఇప్పుడు ఆ పనిలో చాలా భాగాన్ని వృత్తి పనివారు ప్రభుత్వ సాయంతో చేస్తున్నారు. సందర్శకుల ఛాయాచిత్రాల్లో ఈ మార్పు కనిపించదు కాబట్టి, కప్పు చెక్కుచెదరకుండా ఉన్నా దాన్ని వేసే మనుషుల మధ్య సంబంధం మారిందన్న విషయాన్నే మీ ప్రధాన వాదనగా పెట్టమని నా సలహా.