తాబేలు ఉభయచరం ఎందుకు కాదు?

సందేహం: ఆర్కే బీచ్‌లో ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టే తాబేలును మా మనవడు పరీక్షలో ఉభయచరం అని రాస్తే మార్కు కొట్టేశారు. నీటిలోనూ నేల మీదా తిరిగేది ఉభయచరం కాకపోతే మరేమిటి? కొందరు ‘ఉభయచరి’ అని కూడా రాస్తున్నారు. ఏది ఒప్పు?
– ఒక పాఠకురాలు, పెదవాల్తేరు, విశాఖపట్నం

సమాధానం: మాటను విడదీసి చూస్తే మీ మనవడిదే న్యాయం. జలచరం, భూచరం, ఖేచరం అన్న వరుసలోదే ఉభయచరమూ. రెండు చోట్లా తిరిగేదని అర్థం. కానీ శాస్త్రంలో అది యోగరూఢం, అంటే విడదీస్తే వచ్చే అర్థం ఉన్నా కొన్నిటికే స్థిరపడిపోయిన పేరు. బురదలో పుట్టినదల్లా పంకజం కానట్టే, రెండు చోట్లా తిరిగినదల్లా ఉభయచరం కాదు. కప్పలు, బల్లిలా కనిపించే సాలమాండర్లు, కాళ్లు లేని సిసీలియన్లు మాత్రమే ఆ పేరుకు హక్కుదారులు.

చిక్కు ఎక్కడ వచ్చిందంటే, ఉభయచరాల శాస్త్రనామమైన ఆంఫిబియా అన్న మాటకు మూలమైన గ్రీకులో ఉన్నది రెండు బతుకులు; మనం రెండు తావులు చేసుకున్నాం. కప్పకు నిజంగానే రెండు బతుకులు. తోకకప్పగా ఉన్నప్పుడు మొప్పలతో ఊపిరి, నీటిపాచే తిండి, చుట్టలు చుట్టుకున్న పొడవాటి పేగు. థైరాయిడ్ హార్మోను పనిచేయగానే తోక ఒంట్లోకి ఇంకిపోతుంది, కాళ్లు వస్తాయి, పేగు కురచవుతుంది, పురుగుల వేట మొదలవుతుంది. ఊపిరితిత్తులు ఏర్పడినా చర్మంతోనూ ఊపిరి పీలుస్తుంది. నీళ్లు తాగేదీ చర్మంతోనే. అంత పలచని చర్మానికి ఉప్పునీరు సరిపడదు కనుక నడిసముద్రంలో బతికే ఉభయచరమే లేదు. తాబేలుకు ఈ రెండో జన్మ లేదు. గుడ్డులోంచే చిన్న తాబేలుగా, ఊపిరితిత్తులతో వస్తుంది. అది సరీసృపం.

మీ మనవడికి పెద్ద తోడే ఉంది. 1758లో, జీవుల వర్గీకరణకు బాట వేసిన లిన్నేయస్ అంతటివాడు తాబేళ్లనూ పాములనూ మొసళ్లనూ కప్పలతో కలిపి ఆంఫిబియా అనే ఒకే గంపలో వేశాడు. సొరచేపలను కూడా! నా చేతిలో ఉంటే తెలుగు పరీక్షలో ఆ మార్కు ఇచ్చేవాణ్ని, సైన్సు పరీక్షలో మాత్రం కాదు.

రెండు బతుకుల లెక్కా అన్నిటికీ కుదరదు. తోకకప్ప దశే లేకుండా గుడ్డులోంచి నేరుగా బుల్లి కప్పలుగా వచ్చే జాతులున్నాయి. మెక్సికోలోని ఆక్సొలాటల్ అనే సాలమాండర్ సాధారణంగా మొప్పలతోనే, నీళ్లలోనే ముసలిదైపోతుంది. ఇక సిసీలియన్లు చూడటానికి వానపాముల్లా ఉంటాయి. మన తూర్పు కనుమల్లో, సుమారు 1200 మీటర్ల ఎత్తున, ఆంధ్ర ఒడిశాలలో దొరికిన గెజీనియోఫిస్ ఓరియంటాలిస్ అనే జాతికి 2013లో పేరు పెట్టారు. మట్టిలో దాగే ఇలాంటి జీవిని ఎవరు చూసినా పామనో వానపామనో అంటారు తప్ప కప్పకు చుట్టమని అనుకోరు.

రెండో ప్రశ్న తేలిక. నిశాచరుడికి స్త్రీలింగం నిశాచరి. ఆ పద్ధతిలో ‘ఉభయచరి’ అంటే ఆడది అవుతుంది. మొత్తం తరగతికి ఉభయచరం, ఉభయచరాలు అనండి. విశేషణమైతే ‘ఉభయచర’ చాలు. అక్కడ పాత అర్థమే నడుస్తోంది: మీ ఊరి తూర్పు నౌకాదళంలోని జలాశ్వను పత్రికలు ఉభయచర యుద్ధనౌక అంటాయి, సైన్యాన్ని నీటి మీంచి నేల మీదికి దించుతుంది కాబట్టి. జలాశ్వం అంటే నీటిగుర్రం. అదీ రెండు చోట్లా తిరిగేదే, కానీ క్షీరదం.