ఆగమన కాలపు సంఘ వార్తలు రాయబోతున్న మేనల్లుడికి

విశాఖపట్నం

చిరంజీవి మేనల్లుడికి,

ప్రభువు నామంలో శుభములు. సంఘ కార్యదర్శి పని నీకు అప్పగించారని, ఆగమన ఆదివారాల వార్తల పత్రం రాయడానికి కూర్చున్నావని మీ నాన్న ఫోనులో చెప్పాడు. నా పాత పత్రాలు కావాలని అడిగావట. పంపుతాను. కానీ నాయనా, వాటిని చూసి అలాగే దించవద్దు. నేను చేసిన తప్పులు కూడా వాటిలో ఉన్నాయి.

ముందు తేదీలు సరిచూసుకో. ఆగమన ఆదివారాలు అంటే క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలు. మొదటిది నవంబరు 27కు, డిసెంబరు 3కు మధ్య పడుతుంది. క్రిస్మస్ సోమవారం వచ్చిన ఏడాది మరింత జాగ్రత్తగా ఉండాలి. 2023లో అలాగే వచ్చింది. 24న ఉదయం నాలుగో ఆదివారం ఆరాధన, ఆ రాత్రే క్రిస్మస్ ఆరాధన. నేను రాత్రి ఆరాధన గురించి పెద్ద అక్షరాలతో వేసి, ఉదయానిది ఎప్పుడూ జరిగేదే కదా అని వదిలేశాను. ఉదయం ఆరాధన లేదనుకుని సగం మంది రాలేదు. ఆదివారానికొకటి చొప్పున వెలిగించే ఆగమన కొవ్వొత్తుల్లో నాలుగోది వెలిగించవలసిన కుటుంబమే రాలేదు. అందరికీ తెలిసిందేనని నీకు అనిపించిన సంగతిని అన్నిటికంటే ముందు రాయి.

మన సంఘం తీరు నీకు తెలుసు. లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1842లో అడుగుపెట్టిన గుంటూరు చుట్టుపక్కల ఊళ్ళ నుంచీ, గోదావరి జిల్లాల నుంచీ ఉద్యోగాలకు వచ్చి ఇక్కడ స్థిరపడ్డ కుటుంబాలే ఎక్కువ. పండుగ దగ్గర పడేసరికి వాళ్ళ ప్రాణం సొంత ఊరి గుడి మీదికి పోతుంది. సింహాద్రి ఎక్స్‌ప్రెస్‌కు ఎప్పుడో టికెట్లు తీసి పెట్టుకుంటారు. అందుకే మన సంఘమంతా ఒక్కచోట కనబడేది క్రిస్మస్ రోజు కంటే ఆగమన ఆదివారాల్లోనే. సంఘమంతా కూర్చుని మాట్లాడుకోవలసిన విషయం ఏదైనా ఉంటే మొదటి రెండు ఆదివారాల్లోనే పెట్టించు. అలాగే పండుగకు ఊరు వెళ్ళకుండా ఉండిపోయేది ఎవరో రెండో ఆదివారానికల్లా కనుక్కో. ఆరోగ్యం బాగాలేక కొందరు, వెళ్ళడానికి ఊళ్ళో ఎవరూ మిగలక కొందరు ఆగిపోతారు. పండుగనాడు వాళ్ళు ఎవరింట భోజనం చేస్తారో, పిలిచే ఇంటివాళ్ళనూ వెళ్ళేవాళ్ళనూ అడిగి ఖాయం చెయ్యి. అది పత్రంలో వేయవలసిన వార్త కాదు, నీ మనసులో ఉండవలసిన వార్త.

పాటల సాధన వేళ నిర్ణయించేటప్పుడు ఉక్కు కర్మాగారం షిఫ్టులు చూసుకో. కోక్ ఓవెన్లు పండుగ వచ్చిందని ఆగవు. బి షిఫ్టు వాళ్ళు రాత్రి పదింటికి గానీ బయటపడరు. గాయక బృందంలో బాగా పాడే మగవాళ్ళు ఎక్కువగా వాళ్ళే. ప్రతిసారీ సాయంత్రం ఏడింటికే సాధన పెట్టి, రాలేదని నిష్ఠూరమాడితే అది మన తప్పే.

వార్త అంటే ఏమిటో నాకు హుద్‌హుద్ తుపాను నేర్పింది. అది 2014 అక్టోబరు 12, ఆదివారం. సరిగ్గా ఏడు వారాలకు, నవంబరు 30న, ఆగమన కాలపు మొదటి ఆదివారం వచ్చింది. ఊళ్ళో చెట్లు కూలిపోయి వీధులన్నీ బోసిగా ఉన్నాయి. ఆ వారం నేను పత్రం రాయడానికి కూర్చుంటే అలంకరణ కమిటీ, కేకుల చందా అన్న మాటలకు చెయ్యి రాలేదు. రెండు రోజులు ఇంటింటికీ తిరిగాను. ఎవరి పైకప్పు మీద ఇంకా టార్పాలినే ఉందో, ఎవరింట్లో పిల్లల పుస్తకాలు తడిసి పనికిరాకుండా పోయాయో, ఎవరి దగ్గర రేకులు మిగిలాయో అవే రాశాను. పేర్లు రాసే ముందు ఆ ఇళ్ళవాళ్ళను అడిగాను. ఆదివారం ఆరాధన ముగిశాక పాస్టరుగారు అది చదువుతుంటే వెనక వరసలో ఒకాయన లేచి, "ఆ ఇంటికి నేను రేకులు వేస్తాను" అన్నాడు. ఆయన చందా బాకీ ఉన్న మనిషి. అప్పటిదాకా నా పత్రాల్లో ఆయన పేరు బాకీల వరసలోనే ఉండేది. ఆ తరవాత బాకీల జాబితా పత్రంలో వేయడం మానేశాను. నువ్వూ వేయవద్దు. అడగవలసిన వాళ్ళను విడిగా, ఇంటికి వెళ్ళి అడుగు.

జబ్బుపడిన వాళ్ళ గురించి ఒక్క మాట. కేజీహెచ్ ఆసుపత్రిలో ఫలానావారు ఉన్నారు, ప్రార్థించండి అని రాస్తే చాలు. జబ్బు పేరు రాయవద్దు. పేరు వేయడానికి కూడా వాళ్ళ అనుమతి తీసుకో.

క్యారల్స్ ఇళ్ళ జాబితా తయారు చేసేటప్పుడు ఇది గుర్తుపెట్టుకో. ఒక ఏడాది అక్టోబరులో భర్త పోయిన ఒకామె ఇంటిని జాబితాలోంచి నేనే తీసేశాను. దుఃఖంలో ఉన్నవాళ్ళ గుమ్మంలో డప్పు, గిటారు ఏమిటని నా ఆలోచన. ఆ రాత్రి మర్రిపాలెంలో పక్క వీధిలో పాడి తిరిగి వస్తుంటే ఆమె గేటు దగ్గర నిలబడి ఉంది. వరండా లైటు వేసి ఉంది. బల్ల మీద ఫ్లాస్కు, బోర్లించిన స్టీలు గ్లాసులు. లెక్కపెట్టాను, పద్దెనిమిది ఉన్నాయి. "మా ఇల్లు మరిచిపోయారా అమ్మా?" అని మాత్రమే అడిగింది. అప్పుడు డప్పు పక్కన పెట్టి ఒక్క పాట పాడాం. టీ చల్లారిపోయి ఉంది, అయినా అందరం తాగాం. కాబట్టి నాయనా, దుఃఖం ఉన్న ఇంటిని నీ అంతట నువ్వు జాబితాలో చేర్చవద్దు, తీసేయవద్దు. వెళ్ళి అడుగు. ఎలా రమ్మంటే అలా వెళ్ళండి.

కొవ్వొత్తుల చక్రం సంగతి పిల్లలకు చెప్పించు. జర్మనీలో హాంబర్గులో విఖెర్న్ అనే లూథరన్ పాస్టరు బీదపిల్లలను చేరదీసి పెంచేవాడు. క్రిస్మస్ ఎప్పుడొస్తుందని వాళ్ళు రోజూ అడుగుతుంటే, 1839లో బండిచక్రం మీద ఆదివారాలకు నాలుగు పెద్ద కొవ్వొత్తులు, మిగతా రోజులకు చిన్నవి పెట్టి, రోజుకొకటి వెలిగించాడు. మనకు పైన్ కొమ్మలు అక్కరలేదు, సముద్రం ఒడ్డున సరుగుడు ఉంది. ఎవరు వెలిగిస్తారో పత్రంలో ముందుగానే వెయ్యి. మొదటి కొవ్వొత్తి పెద్ద కానుక ఇచ్చినవారికి ఇవ్వవలసిన గౌరవం కాదు. గుడి ఊడ్చే ఆమె కుటుంబానికి ఇవ్వమని పెద్దలతో చెప్పు.

పండుగకు ముందే జరిపే సెమీ క్రిస్మస్ సభలకు ఆహ్వానాలు వస్తాయి. వెళ్ళండి, పొరుగువారు ప్రేమతో పిలుస్తారు. కానీ ఆదివారం ఆరాధన వేళను వాటి కోసం కుదించడానికి ఒప్పుకోవద్దు. లూథరన్ ఆచారంలో ఈ నాలుగు వారాలూ "సర్వోన్నతమైన స్థలములలో దేవునికి మహిమయు" అనే స్తుతిని ఆరాధనలో పాడకుండా ఆపుతారు. ఎందుకని కుర్రవాళ్ళు అడిగితే విసుక్కోకుండా చెప్పు. నెల రోజులు మౌనంగా ఉన్న ఆ పాట క్రిస్మస్ రాత్రి మొదలైనప్పుడు మా అమ్మ కళ్ళు తుడుచుకోవడం నేను ప్రతి ఏడాదీ చూశాను.

పత్రాలు మీ నాన్నతో పంపుతున్నాను. మంచం దిగలేని నలుగురి పేర్లు, వాళ్ళ ఇళ్ళ గుర్తులు పైన కాగితం మీద రాశాను. వాళ్ళకు పత్రం పెద్ద అక్షరాలతో వేరుగా అచ్చు వేయించి, శనివారమే నువ్వు స్వయంగా ఇచ్చి రా. నాలుగో ఇంటి అమ్మగారికి చూపు పూర్తిగా పోయింది. అక్కడ కూర్చుని చదివి వినిపించాలి.

ఆశీస్సులతో,
నీ అత్తయ్య