మా షాపు కాలవకి అవతల గట్టున ఉందట!

పెద్ద కంపెనీ మ్యాపు మానేసి, జనమే గీసి దిద్దుకునే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌తో పని జరుగుతుందా అని అడిగారు. పూర్తిగా జరగదండి. అయినా రెండేళ్లుగా రెండూ వాడుతున్నాను.

మాది రాజోలు వైపు మోటార్ల వైండింగ్ షాపు. రొయ్యల చెరువుల్లో నీటికి గాలి పట్టించే ఏరేటర్ల మోటార్లే ఎక్కువ వస్తాయి. అవి కాలిపోయేది ఎక్కువగా రాత్రిపూటే. తెల్లారగట్ల నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది, అప్పుడు ఏరేటర్ ఆగితే రొయ్య తేలిపోతుంది. అలా ఒక రైతు రాత్రి రెండింటికి ఫోన్ చేసి "షాపు ముందే ఉన్నానండి, తలుపు తీయండి" అన్నాడు. తీసి చూస్తే నరపురుగు లేదు. కాలవకి అవతల గట్టు మీద మాత్రం బండి లైటు వెలుగుతోంది. మధ్యలో నిండా గుర్రపుడెక్క. వంతెన కిలోమీటరున్నర అవతల. పాపం, వెనక సీటుకి తాడేసి కట్టిన మోటారుతో ఆ చీకట్లో మళ్లీ చుట్టు తిరిగొచ్చాడు.

ఆ పెద్ద కంపెనీ మ్యాపులో మా షాపు గుర్తు అవతల గట్టున ఉంది మరి. దాన్ని సరిచేయమని ఆ కంపెనీకి ఆరుసార్లు పెట్టాను. షాపు ఫొటోలు, కరెంటు బిల్లు కూడా జతచేశాను. ప్రతిసారీ ఒకటే జవాబు, నిర్ధారించలేకపోయాం అని. మనిషితో మాట్లాడదామంటే నంబరే లేదు. ఆరోసారి తర్వాత "శాశ్వతంగా మూసివేశారు" అని పడింది. నేనేమో కౌంటర్ దగ్గరే కూర్చుని ఉన్నా!

అప్పుడు మా మేనల్లుడు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ చూపించాడు. 2004లో ఇంగ్లండులో స్టీవ్ కోస్ట్ మొదలుపెట్టిందట. ఖాతా తెరిస్తే ఎవరైనా దిద్దొచ్చు. అందులో మా షాపు సంగతి అటుంచండి, మా గట్టు రోడ్డే లేదు. ఉపగ్రహ చిత్రం మీద ఆ రోడ్డు గీసుకుంటూ పోయాను, షాపు పెట్టాను, పేరు తెలుగులో రాశాను. కాసేపటికే సైటులో కనబడింది. ఎవరినీ బతిమాలలేదు. ఎవరైనా చెడగొట్టినా పాత మార్పులన్నీ చరిత్రలో ఉంటాయి, వెనక్కి తిప్పొచ్చు.

ఇక లోపాలు. ట్రాఫిక్ చూపించదు. మన ఊళ్లలో షాపుల పేర్లు పెట్టి వెతికితే దొరికేది తక్కువ. ఆర్గానిక్ మ్యాప్స్ లాంటి యాప్‌లు సిగ్నల్ లేకపోయినా పనిచేస్తాయి గానీ, మనం దిద్దింది వాటిలోకి రావడానికి వారాలు పడుతుంది. సఖినేటిపల్లి–నర్సాపురం మధ్య గోదావరి దాటించే పంటుని పడవ దారిగా గుర్తుపెట్టొచ్చు, బాగానే ఉంది. కానీ ఆ వశిష్ట గోదావరికి వరదొచ్చి పంటు ఆపేశారు, చించినాడ వంతెన మీదుగా పోవాలి అని ఏ మ్యాపు చెబుతుందండి? రేవులో టీకొట్టాయన్ని అడగాల్సిందే.

అసలు చిక్కు వేరే ఉంది. నా దగ్గరికొచ్చే రైతుల ఫోన్లలో ఉండేది ఆ పెద్ద కంపెనీ మ్యాపే. అందుకే దాన్ని తీసేయలేదు, ఏడో ఫిర్యాదూ పెట్టాను. ఈలోగా వంతెన దగ్గర బాణం గుర్తేసి రేకు బోర్డు కట్టాను.

మీరు మొదలుపెట్టాలనుకుంటే స్ట్రీట్‌కంప్లీట్ యాప్ వేసుకోండి. మీరు నిలబడ్డ వీధి గురించి చిన్న ప్రశ్నలు అడుగుతుంది, జవాబు నొక్కితే చాలు. రోడ్డు గీయడం మాత్రం కంప్యూటర్ మీదే సుఖం.