రాతి మీది ఫారసీ షేరులో సంవత్సరం ఎక్కడుంది?

ప్రశ్న: మా ఊరి దర్గాలో పాత సమాధి దగ్గర ఫారసీ రాతల పలక ఉంది. అంకెలు ఎక్కడా లేవు. అయినా ఆ పీరుసాహెబు పరమపదించిన సంవత్సరం చివరి చరణంలోనే ఉందని ముజావర్ గారంటారు. దాన్ని పట్టుకోవడం ఎలా?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: ఆయన మాట కొట్టిపారేయకండి. అక్షరాల విలువలు కూడితే హిజ్రీ సంవత్సరం వచ్చేలా మాట కట్టడం ఫారసీ కవులకు వెన్నతో పెట్టిన విద్య. దాన్ని అబ్జద్ లెక్క అంటారు. లారీల మీద కనిపించే 786 అదే, బిస్మిల్లా వాక్యంలోని అక్షరాల మొత్తం.

చరణమంతా కూడకండి. 'తారీఖ్' (తేదీ), 'సాల్' (సంవత్సరం), 'గుఫ్త్' (అన్నాడు) లాంటి మాటలు వెతకండి. సాధారణంగా వాటి తర్వాతి మాటలే లెక్కకొస్తాయి. రాసిన అక్షరాన్నే కూడాలి, పలికే శబ్దాన్ని కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. షీరాజ్‌లో కన్నుమూసిన ఫారసీ కవి హాఫిజ్ మరణానికి కట్టిన 'ఖాకె ముసల్లా' (ముసల్లా మట్టి) చూడండి: ఖే 600, అలిఫ్ 1, కాఫ్ 20, మీమ్ 40, స్వాద్ 90, లామ్ 30, యే 10. మొత్తం 791. 'ఖాకె'లోని ఎత్వం రాతలో ఉండదు. 'ల్లా' అని ఒత్తి పలికినా లామ్ ఒక్కటే. చివర వినబడేది 'ఆ', రాసేది యే. ఈ చివరి రెండూ చెవికి తోచినట్టు కూడితే 812 వస్తుంది, ఇరవయ్యొక్కేళ్ల తేడా!

హిజ్రీని 0.97తో గుణించి 622 కలిపితే క్రీస్తుశకం వస్తుంది. 791 అంటే 1389. ఒక ఏడాది అటూ ఇటూ కావచ్చు.

పలకకు ఏటేటా సున్నం కొడుతుంటే చుక్కలు పూడిపోతాయి. ఖే మీది చుక్క కనబడకపోతే అది హే అయిపోయి, 600 బదులు 8 పడుతుంది. దయచేసి గీకకండి, రాయి పాడవుతుంది. పొద్దున్నో సాయంత్రమో ఏటవాలు ఎండలో పక్కనుంచి ఫొటో తీయండి, చుక్కల నీడ తేలుతుంది.

కూడిన మొత్తం అసలు సంవత్సరానికి ఒకటి తగ్గినా కంగారు పడకండి. హుమాయూన్ మరణానికి కట్టిన 'హుమాయూన్ పాద్‌షా అజ్ బామ్ ఉఫ్తాద్' (పాదుషా మేడ మీంచి పడ్డాడు) కూడితే 962. ఆయన పోయింది 963లో, అంటే 1556 జనవరిలో. భావం అంత చక్కగా కుదిరాక కవి ఆ ఒక్కటీ వదిలేశాడు. కొన్నిచోట్ల ఫలానా అక్షరం కలపమనో తీసేయమనో పై చరణంలో సూచన ఉంటుంది, అదీ చూడండి.

ప్రశ్న: మా ఇంట్లోని టిప్పు కాలపు నాణెం మీద 5121 అని ఉంది. ఇదేం సంవత్సరం?
– ఒక పాఠకురాలు, గుత్తి

జవాబు: కుడి నుంచి ఎడమకు చదవండి, 1215. టిప్పు తెచ్చిన మౌలూదీ లెక్కలో (ప్రవక్త పుట్టుక నుంచి లెక్కించేది) అది 1787, మన ప్లవంగ. హిజ్రీ అనుకుంటే 1800 వస్తుంది, టిప్పు 1799లోనే చనిపోయాడు. 1221 మాత్రం ఎటు చదివినా ఒకటే, అది 1793.