గాజు పూసల పని: మీ ప్రశ్నలు, మా సమాధానాలు

ఇంటి పట్టున గాజు పూసలు చేసి అమ్ముకోవడం గురించి నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఐదింటికి ఈ సంచికలో సమాధానమిస్తున్నాము. అడిగినవారి కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు.

నేను ఒక పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. సెలవుల్లో వారం రోజులు శిక్షణ తీసుకుని, ఏడాదిగా సాయంత్రం పూట గాజు కడ్డీలను గ్యాసు టార్చి మంట మీద కరిగించి పూసలు చేస్తున్నాను. దండలు కూర్చి అమ్మే ఒకావిడకు 60 పూసలు ఇస్తే, నెల తిరగకముందే 9 పూసలు వాటంతటవే పగిలాయని వెనక్కి పంపారు. చేసిన ప్రతి పూసనూ వేడి బూడిదలో పెట్టే చల్లారుస్తున్నాను. లోపం గాజుదా, నాదా? చేతిలో ఉన్న 30 వేల రూపాయలతో ఇంకా మంచి టార్చి, మరికొన్ని రంగులు కొనడం సరైనదేనా?
– ఒక పాఠకురాలు, కావలి

అమ్మా, ఆ డబ్బును టార్చికీ రంగులకూ ఖర్చు చేయకండి. ముందు ఉష్ణోగ్రతను లెక్క ప్రకారం నిలబెట్టగల చిన్న విద్యుత్ బట్టీ, అంటే కిల్న్, సమకూర్చుకోండి. డబ్బు చాలకపోతే చాలేదాకా ఆగండి, అంతవరకు చేసిన పూసలను మీరే ధరించండి కానీ ఎవరికీ అమ్మకండి. నా మాట కటువుగా తోచవచ్చు, కానీ ఈ పనిలో పేరు పోయేది అందం తక్కువైన పూసల వల్ల కాదు, కొన్నవారి మెడలో పగిలిన పూసల వల్ల.

మంటలోంచి తీసిన పూస పైపొర గాలి తగలగానే గట్టిపడుతుంది, లోపలి గాజు ఇంకా మెత్తగా ఉంటుంది. తరువాత లోపలిది చల్లబడి కుంచించుకోబోతే, అప్పటికే బిగుసుకున్న పైపొర దానిని కుంచించుకోనివ్వదు. ఆ పెనుగులాట ఒత్తిడిగా పూసలోనే నిలిచిపోయి, మూడో రోజునో మూడో వారంలోనో, ఒక చిన్న దెబ్బకో, ఎండలోంచి ఏసీ గదిలోకి వెళ్లినప్పుడో బయటపడుతుంది. మీ పూసలు తయారైన రోజున బాగుండి నెల లోపల పగలడానికి ఇదే కారణమై ఉండవచ్చు. వేడి బూడిద అయినా, వర్మిక్యులైటు అనే తేలికైన ఖనిజపు గుళికలు అయినా, పింగాణీ ఉన్ని దుప్పటి అయినా చల్లారడాన్ని కాస్త నెమ్మదింపజేస్తాయి తప్ప, ఒత్తిడి సడలేంత వేడిలో పూసను కావలసినంత సేపు నిలపలేవు. అలా నిలపడాన్నే అనీలింగ్ అంటారు. పూసల పనిలో ఎక్కువగా వాడే మెత్తని గాజుకు, అంటే 104 అనే అంకెతో అమ్మే కడ్డీలకు, దాదాపు 510 నుంచి 520 డిగ్రీల సెల్సియస్ వద్ద గంటసేపు ఉంచి, తరువాత గంటకు 50, 60 డిగ్రీల చొప్పున 370 వరకు దించి, ఆపైన స్విచ్ ఆపేసి తలుపు తీయకుండా తెల్లవారే దాకా వదిలేస్తే, సాధారణ పరిమాణపు పూసలకు సరిపోతుంది.

అయితే మొత్తం నేరం బూడిద మీదనే మోపే ముందు, తిరిగి వచ్చిన ఆ 9 పూసలను భూతద్దంతో చూడండి. రెండు రంగులు కలిసే గీత వెంబడే పగులు ఉంటే, అవి జత కుదరని గాజులని అనుమానించాలి. 104 అనేది గాజు వేడికి వ్యాకోచించే గుణకం. 90, 96 అంకెలవి వేరే రకాలు, ప్రయోగశాల సామగ్రికి వాడే బోరోసిలికేటు గాజుది 33 మాత్రమే. 10 మిల్లీమీటర్ల గాజు 500 డిగ్రీలు చల్లారేటప్పుడు 104 రకం సుమారు 0.05 మిల్లీమీటరు కుంచించుకుంటే, 33 రకం 0.02 కూడా కుంచించుకోదు. తేడా తలవెంట్రుక మందంలో సగం ఉంటుందేమో, కానీ గాజు ఆ మాత్రానికే పగులుతుంది. రంగు నచ్చిందని అంకె తెలియని కడ్డీని కొని పాతవాటితో కలపడం చాలామంది చేసే పొరపాటు; మొదటి ఏడాది నేనూ చేశాను, ఒక దండకు సరిపడా పూసలు చెత్తబుట్ట పాలయ్యాయి. పగులు రంధ్రం దగ్గర మొదలై పూసను అడ్డంగా చుట్టి ఉంటే మాత్రం, చల్లార్చడంలోనే లోపమని తీసుకోవచ్చు. రంధ్రం అంచులు లోపలికి ముడుచుకుని గుండ్రంగా కుదరకుండా పదునుగా మిగిలినా, దారం రాపిడికి అక్కడి నుంచి పెచ్చులు లేస్తాయి.

పారదర్శకమైన పూసల్లో దాగిన ఒత్తిడిని ఇంట్లోనే చూడవచ్చు. ల్యాప్‌టాప్ ఎల్‌సీడీ తెరను పూర్తిగా తెల్లగా ఉంచి, పోలరైజ్డ్ చలువ కళ్లద్దాలను దాని ముందు తిప్పుతూ పోతే ఒక కోణంలో తెర నల్లబడుతుంది. అలాగే పట్టుకుని, తెరకూ అద్దానికీ నడుమ పూసను ఉంచండి. రంధ్రం చుట్టూ తెల్లని మెరుపులు స్పష్టంగా కనిపిస్తే ఆ పూసలో ఒత్తిడి మిగిలి ఉన్నట్టే. పగలని పాత పూసలను పారేయనవసరం లేదు. బట్టీ వచ్చాక చల్లగా ఉన్నప్పుడే లోపల పెట్టి, నెమ్మదిగా వేడి పెంచి, పైన చెప్పిన పద్ధతిలో మళ్లీ అనీలింగ్ చేయవచ్చు. జత కుదరని గాజులు కలిసిన పూసలకు మాత్రం ఈ వైద్యం పనికిరాదు.

బట్టీ కొనేటప్పుడు రంగూ రూపమూ కాదు, వేడిని అదుపు చేసే డిజిటల్ కంట్రోలరూ దానిని కొలిచే కె-టైపు థర్మోకపులూ ఉన్నాయా అన్నది చూడండి. 2 కిలోవాట్ల బట్టీ 230 వోల్టుల వద్ద 9 ఆంపియర్ల దాకా తీసుకుంటుంది కనుక, ఫోను ఛార్జరు పెట్టుకునే 6 ఆంపియర్ల సాకెట్ దానికి చాలదు, 16 ఆంపియర్ల సాకెట్టూ ఎర్తింగూ తప్పనిసరి. మన తీరంలో నవంబరు, డిసెంబరు నెలల్లో తుఫాను పట్టినప్పుడు కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేము. పోయినప్పుడు తలుపు తెరిచి చూడాలన్న ఆత్రాన్ని అణచుకుంటే చాలు, కరెంటు వచ్చాక 510 నుంచి మళ్లీ మొదలుపెట్టవచ్చు.

మాది మూడో అంతస్తులో రెండు పడకగదుల ఇల్లు, రెండేళ్ల పాప ఉంది. వంటగదిలో ఒక మూల బల్ల వేసుకుని, వంట గ్యాసుతోనే పూసలు చేయవచ్చా?
– ఒక పాఠకురాలు, నెల్లూరు

చేయకూడదమ్మా. ఇంటి వంటకు ఇచ్చే 14.2 కిలోల సిలిండరును వ్యాపారానికి వాడటం చట్టవిరుద్ధం. అందుకు 19 కిలోల వాణిజ్య సిలిండరు తీసుకోవాలి. అంతకంటే ముఖ్యంగా, వంట గ్యాసు గాలి కంటే బరువైనది. లీకైతే నేల మీద పరుచుకుని మూలల్లో నిలుస్తుంది, నేల మీద ఆడుకునే పాపకు అది అన్నిటికంటే దగ్గర. డాబా మీద రేకుల షెడ్డు గానీ, రెండు వైపులా తెరిచిన వరండా గానీ దొరికే దాకా ఆగండి. సిలిండరు గోడకు అవతల ఉండాలి, గొట్టానికి మంట వెనక్కి పాకకుండా ఆపే ఫ్లాష్‌బ్యాక్ అరెస్టరు ఉండాలి, పొగను బయటకు లాగే ఎగ్జాస్ట్ ఫ్యాను బల్లకు ఎదురుగా ఉండాలి. సీలింగ్ ఫ్యాను కింద మంట నిలవదు కనుక ఫ్యాను కట్టేసి కూర్చోవాల్సిందే. రోహిణి కార్తెలో నెల్లూరులో అలా కూర్చోవడం ఎవరి వల్లా కాదు, ఆ రోజుల్లో తెల్లవారుజామున 5 గంటలకు మొదలుపెట్టి 8 లోపు ముగించండి.

టార్చి మంటకు గ్యాసుతో పాటు ఆక్సిజనూ కావాలి. గాలి నుంచి ఆక్సిజన్‌ను వేరుచేసి ఇచ్చే కాన్సంట్రేటర్లు, కోవిడ్ కాలంలో కొన్నవి, ఇప్పుడు కొన్ని ఇళ్లలో మూలన పడి ఉన్నాయి. నిమిషానికి 5 లీటర్లు ఇచ్చే యంత్రం చిన్న టార్చికి చాలు, పెద్ద ఆక్సిజన్ సిలిండరును మూడంతస్తులు మోయించే బాధ తప్పుతుంది. ఆక్సిజన్ అమరికల్లో ఎక్కడా నూనె గానీ గ్రీజు గానీ తగలనివ్వకండి. గాజు కరిగేటప్పుడు వచ్చే పసుపు వెలుగును డిడీమియం కళ్లద్దాలు ఆపుతాయి, మామూలు చలువ కళ్లద్దాలు ఆపవు. నైలాను, పాలిస్టరు దుస్తులు వేసుకుని మంట ముందు కూర్చోకండి, నూలుబట్టలే మేలు. కరిగిన గాజును చుట్టే ఉక్కు చువ్వకు పూస అంటుకోకుండా పూసే మట్టి పూతను పొడిగా గీకితే ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పూసలను నీళ్లలో ముంచి రంధ్రాలు శుభ్రం చేయండి. ఆ చువ్వలకు ప్రత్యేకంగా ఎక్కడో వెతకనక్కరలేదు, వెల్డింగ్ సామాన్ల కొట్లలో దొరికే 1.6, 2.4 మిల్లీమీటర్ల స్టెయిన్‌లెస్ టిగ్ ఫిల్లర్ రాడ్లను ముక్కలుగా కోసుకుంటే సరిపోతుంది.

నేను పూసకు 60 రూపాయలు అడిగితే, వారణాసి పూసలు కిలోల లెక్కన ఇంకా చౌకగా వస్తాయని కొట్లవాళ్లు నవ్వుతున్నారు. ధర తగ్గించాలా?
– ఒక పాఠకుడు, ఒంగోలు

వారి లెక్క వారిది, అది తప్పు కాదు. తప్పల్లా మీరు ఆ కొట్టు మెట్లెక్కడంలోనే ఉంది. మన పొరుగున, ఏర్పేడు దగ్గరి పాపానాయుడుపేటలో తరతరాలుగా సాగిన పూసల పనిని తలచుకోండి. అక్కడ కొలిమిలో కరిగిన గాజు నుంచి పొడవాటి సన్నని గొట్టాన్ని లాగి, దానిని ముక్కలుగా తరిగి, మళ్లీ కాల్చి అంచులు గుండ్రం చేసేవారు. పుదుచ్చేరి దగ్గర అరికమేడు తవ్వకాల్లో దొరికిన పూసల్లో ఎక్కువ భాగం ఈ లాగుడు పద్ధతివే. ఒక్క లాగుడులో వేల పూసలు తయారయ్యే పద్ధతి అది, మీది చువ్వ చుట్టూ ఒక్కొక్క పూసనే చుట్టే పద్ధతి. రెండింటికీ ధరలో పోటీ పెట్టడం, మగ్గం మీద నేసిన వెంకటగిరి చీరను మిల్లు చీర పక్కన పెట్టి గజం లెక్కన బేరమాడటం వంటిది.

ఇక మీ ఖర్చు చూద్దాం. 12 మిల్లీమీటర్ల గుండ్రటి పూస బరువు రమారమి రెండుంబావు గ్రాములు. తరుగు పోగా కిలో కడ్డీల నుంచి 400 పూసల దాకా రావాలి. అంటే గాజు ధర ఎంతైనా ఒక పూస మీద పడేది కొద్దిగానే. అసలు ఖర్చు మీ కాలం. ఉదాహరణకు మంట ముందు 3 గంటలు కూర్చుని 20 పూసలు చేసి, అందులో 2 పనికిరాక, కడగడానికి, ఫొటోలు తీయడానికి, పొట్లం కట్టడానికి ఇంకో గంట పట్టిందనుకోండి. మీ గంటకు 150 రూపాయలు కట్టుకుంటే 4 గంటలకు 600 రూపాయలు, దానిని 18 మంచి పూసలకు పంచితే కూలియే 33 రూపాయలు దాటింది. గ్యాసు ఎంతైందో అంచనా వేయకండి, పనికి ముందూ తరువాతా సిలిండరును తూకం వేయండి. కరెంటు, విరిగిన చువ్వలు, తిరిగి వచ్చిన సరుకు అన్నీ కలిపితే, 60 రూపాయలు ఎక్కువ కాదు, బహుశా తక్కువే.

కాబట్టి ధర కాదు, అమ్మే చోటు మార్చండి. విడిపూసగా కాక, రంగూ పరిమాణమూ అచ్చంగా కలిసిన జతగా, చెవులకు సిద్ధమైన వస్తువుగా అమ్మండి. జత కుదర్చడం చుట్టడం కంటే కష్టమైన విద్య, దానికే కొనేవారు డబ్బు ఇస్తారు. చీర అంచు రంగుకు సరిపోయే పూసలు ఆర్డరు మీద చేసిస్తామంటే, ఆ మాట కిలోల లెక్కన అమ్మేవారు అనలేరు. నల్లపూసల జోలికీ మగ్గం పనికి వాడే సన్నపూసల జోలికీ వెళ్లకండి, అవి యంత్రాల రాజ్యం. రొట్టెల పండుగ సమయంలో స్వర్ణాల చెరువు దగ్గర దుకాణం పెడితే ఎలా ఉంటుందని లోగడ ఇంకొకరు అడిగారు. లక్షల జనం వస్తారు, నిజమే, కానీ ఆ తిరునాళ్ల సందడిలో చేతులు పోయేది పది, ఇరవై రూపాయల వస్తువుల మీదికే. అక్కడ మీ పూస విలువ చెప్పడానికి మీకు గొంతు చాలదు.

ఈ పనికి ప్రభుత్వ రుణం దొరుకుతుందా? జీఎస్టీ కట్టాలా?
– ఒక పాఠకురాలు, చీమకుర్తి

2023లో మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలోని 18 వృత్తుల్లో గాజు పూసల పని లేదు, అందువల్ల ఆ దరఖాస్తు మీద రోజులు వృథా చేయకండి. చిన్న వ్యాపారాల కోసం ఉన్న ఉద్యమ్ నమోదు ఉచితం, ఎవరైనా డబ్బు అడిగితే ఇవ్వకండి. ముద్రా పథకం శిశు విభాగంలో 50 వేల రూపాయల వరకు రుణం అడగవచ్చు. ప్రధానమంత్రి ఉపాధి కల్పన కార్యక్రమం, అంటే పీఎంఈజీపీ కింద, మహిళలకు గ్రామాల్లో 35 శాతం, పట్టణాల్లో 25 శాతం రాయితీ ఉంది, సొంత వాటా 5 శాతం. అయితే అది కొత్త యూనిట్లకే. సరుకులు అమ్మేవారికి మన రాష్ట్రంలో ఏడాది వ్యాపారం 40 లక్షల రూపాయలు దాటేవరకు సాధారణంగా జీఎస్టీ నమోదు అవసరం లేదు. ఆన్‌లైన్ అంగళ్ల ద్వారా రాష్ట్రం లోపలే అమ్మేవారికి కూడా 2023 అక్టోబరు 1 నుంచి, ఎన్‌రోల్‌మెంట్ నంబరు తీసుకుంటే చాలునన్న వెసులుబాటు వచ్చింది. నన్నడిగితే, ఆరు నెలలు సొంత డబ్బుతో నడిపి, తిరిగి వచ్చే పూసలు లేవని తేలాకే బ్యాంకుకు వెళ్లండి.

పాత సీసాలు, విరిగిన గాజులు కరిగించి పూసలు చేయవచ్చా?
– ఒక విద్యార్థి, సింగరాయకొండ

చేయవచ్చు నాయనా. గాజు అన్న ఒక్క మాటతోనే చేతికి తొడిగేదాన్నీ, సీసా అయ్యేదాన్నీ పిలిచే భాష మనది. విరిగిన గాజు ముక్కలను దీపం మీద వంచి గొలుసులు చేసుకున్న అమ్మమ్మలు మీ ఊళ్లోనూ ఉంటారు, అడిగి చూడు. అయితే ఆ గొలుసులో ముక్క ముక్కకు అతకలేదు, ఒకదానిలోంచి ఒకటి దూరిందంతే, అందుకే రంగురంగుల ముక్కలు కలిసినా పగలలేదు. పూసలో మాత్రం అవి కరిగి ఒకటవుతాయి. ఒక సీసా గాజు గుణం మరో సీసాకు సరిగ్గా కలుస్తుందన్న భరోసా లేదు కనుక, ఒక పూసను ఒకే సీసాతో చేయి. సీసా గాజు కడ్డీ కంటే మొండిది, మెత్తబడటానికి ఎక్కువ వేడి అడుగుతుంది, అనీలింగ్ కూడా 540 డిగ్రీల పైన చేయాలి. పగలగొట్టే ముందు సీసాను కడిగి, లేబులు జిగురు పూర్తిగా పోగొట్టి, బట్టలో చుట్టి కొట్టు, కళ్లకు అద్దాలు పెట్టుకో. ఏ సీసా ముక్కలను ఆ సీసా పేరు రాసిన డబ్బాలోనే వేసుకో, రెండు ఆకుపచ్చ సీసాలు ఒకే రంగులో కనిపించినా సరే.