చదువు–సందేహం: గోల్డ్‌స్టీన్ కొనాలా, క్లెప్నర్ కొనాలా?

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది పర్లాకిమిడి. ఇంట్లో తెలుగే, పదో తరగతి దాకా ఒడియా మీడియం, ప్లస్ టూ ఇంగ్లీషులో చదివాను. ఇప్పుడు బీఎస్సీ ఫిజిక్స్ ఆనర్స్ మొదటి సంవత్సరం. మెకానిక్స్‌కి ఏ పుస్తకం చదవాలో తేలడం లేదు. గోల్డ్‌స్టీన్ లేకుండా ఫిజిక్సే లేదని సీనియర్ అన్నయ్య అంటాడు, యూట్యూబ్‌లో ఒకాయన మోరిన్ అంటారు, క్లాసులో అందరి దగ్గరా గైడే. నాన్న ఒక్క పుస్తకం కొనిస్తానన్నారు. ముందుముందు జామ్ (ఐఐటీల్లాంటి చోట ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష) రాయాలని ఉంది. శ్రీకాకుళంలో తెలుగు అకాడమీ పుస్తకం దొరుకుతుందట, అది చాలా? ఒకటే టెన్షన్‌గా ఉంది.

జవాబు: క్లెప్నర్, కోలెన్‌కౌ రాసిన మెకానిక్స్ పుస్తకం కొనమ్మా. జవాబు ఇంతే. కానీ ఎందుకో చెప్పకపోతే రేపు ఇంకో అన్నయ్య ఇంకో పేరు చెప్పగానే మళ్లీ మొదటికొస్తావు.

ముందు గోల్డ్‌స్టీన్ సంగతి. 1950లో వచ్చిన పుస్తకం, మంచిదే, ఎమ్మెస్సీలో చేరితే ఎలాగూ చదువుతావు. అయితే అది న్యూటన్ నీకు బాగా వచ్చనుకుని మొదలవుతుంది, పాత సంగతులు గబగబా గుర్తుచేసి మొదటి అధ్యాయంలోనే డాలెంబర్ సూత్రం మీదుగా లగ్రాంజ్ సమీకరణాలకి (బలాలకి బదులు శక్తితో లెక్కకట్టే పద్ధతి) వెళ్లిపోతుంది. నీకు ఇప్పుడు కావలసింది ఆ ‘పాత సంగతులే’. జామ్ సిలబస్ తీసి మెకానిక్స్ భాగం ఒకసారి చూడు: పోలార్ కోఆర్డినేట్లు (దూరం, కోణంతో స్థానం చెప్పడం), తిరిగే ఫ్రేములు, కొరియోలిస్ బలం, సెంట్రల్ ఫోర్స్, రిజిడ్ బాడీ ఉంటాయి, లగ్రాంజియన్ కనిపించదు. అది వచ్చేది ఎమ్మెస్సీ స్థాయిలో, లెక్చరర్, పరిశోధన అర్హతకి రాసే నెట్ పరీక్షలో, దానికి ఇంకా చాలా టైముంది. బల్ల మీద లావుపాటి పుస్తకం ఉంటే పరువుగా ఉంటుంది, నిజమే, కానీ డబ్బులు పెట్టేది మీ నాన్న.

ఏ పుస్తకమైనా కొనేముందు ఒక లెక్క దగ్గర పెట్టుకుని పరీక్షించు. నున్నటి కడ్డీ ఒకటి, బల్ల మీద తన ఒక కొస చుట్టూ ఒకే వేగంతో తిరుగుతోంది అనుకో. దానికి గుచ్చిన పూస రాపిడి లేకుండా జారగలదు. కడ్డీ పూసని పక్కకి నెట్టగలదే తప్ప పొడవునా లాగలేదు. మరి పూస బయటికి ఎందుకు పోతుంది? గైడులో ‘సెంట్రిఫ్యూగల్ ఫోర్స్ వల్ల’ అని ఒక్క ముక్క ఉంటుంది, అది బట్టీ పట్టి బయటపడొచ్చు. అసలు విషయం ఏమిటంటే, పోలార్ కోఆర్డినేట్లలో రేడియల్ త్వరణం (కడ్డీ పొడవు దిశలో త్వరణం) అంటే ఉత్త ఆర్ డబుల్ డాట్ (కొస నుంచి పూస దూరం ఆర్, అది మారే వేగంలో మార్పు రేటు) కాదు, దిశ కూడా మారుతోంది కాబట్టి అందులోంచి ఆర్ ఒమేగా స్క్వేర్ (ఒమేగా అంటే కడ్డీ తిరిగే కోణీయ వేగం) తీసెయ్యాలి. కడ్డీ పొడవునా బలం లేదు అంటే ఆ తేడా మొత్తం సున్నా అని, ఆర్ డబుల్ డాట్ సున్నా అని కాదు. దాంతో ఆర్ డబుల్ డాట్ విలువ ఆర్ ఒమేగా స్క్వేర్ అవుతుంది, పూస దూరం ఎక్స్‌పొనెన్షియల్‌గా పెరుగుతుంది. లగ్రాంజియన్ పద్ధతిలో ఇదే సమీకరణం రెండు లైన్లలో వచ్చేస్తుంది, నిజమే. కానీ కడ్డీ పూసని ఎంత బలంతో నెడుతోంది అని అడిగితే ఆ రెండు లైన్లు నేరుగా చెప్పవు, న్యూటన్ దగ్గరికి వెళ్తే రెండు ఎమ్ ఒమేగా ఆర్ డాట్ (ఎమ్ పూస ద్రవ్యరాశి, ఆర్ డాట్ అది బయటికి జారే వేగం) అని వెంటనే చెప్తాడు. అందుకే న్యూటన్‌ని దాటేసి పైకెళ్లొద్దంటున్నాను.

క్లెప్నర్‌లో పోలార్ కోఆర్డినేట్లు మొదటి అధ్యాయంలోనే, బొమ్మలు వేసి, యూనిట్ వెక్టర్ ఎలా తిరుగుతుందో చూపించి చెప్తారు. ఎమ్‌ఐటీలో మొదటి సంవత్సరం పిల్లల పాఠాల్లోంచి పుట్టి 1973లో వచ్చిన పుస్తకం, ఇండియన్ ఎడిషన్ దొరుకుతుంది. చివర్లో రిలేటివిటీ కూడా ఉంది. ఒక్కటే కష్టం, లెక్కలు గట్టివి, పూర్తి సాల్యూషన్లు ఇవ్వరు, కొన్నింటికి చిన్న క్లూ ఇచ్చి వదిలేస్తారు. అడగడానికి పక్కన ఎవరూ లేకపోతే విసుగొస్తుంది. అలాంటప్పుడు లైబ్రరీలో మోరిన్ (2008) ఉంటే తెచ్చుకో, అందులో చాలా లెక్కలకి పూర్తి సాల్యూషన్లుంటాయి. పేజీ తిప్పి సాల్యూషన్ చూసేసి ‘ఓహో, ఇంతేనా’ అనుకోవడం మాత్రం చదువు కాదు.

తెలుగు అకాడమీ పుస్తకం తప్పకుండా తెచ్చుకో, పెద్ద ఖర్చూ కాదు. కోణీయ ద్రవ్యవేగం, జడత్వ భ్రామకం లాంటివి ఇంట్లో మాట్లాడే భాషలో ఒకసారి చదివితే ఇంగ్లీషు పేజీ సగం తేలికవుతుంది. నీ పేపరు ఇంగ్లీషులో కాబట్టి పక్కన ఇంగ్లీషు పేర్లు రాసుకో. జామ్‌కి అదొక్కటే చాలదు, అందులో లెక్కల స్థాయి వేరు. యూనివర్సిటీ పరీక్షకి గైడు చదువుకో, తప్పేం లేదు, చివరి పదిహేను రోజుల్లో. ఫైన్‌మన్ లెక్చర్లు కాల్‌టెక్ వాళ్లు నెట్‌లో ఉచితంగానే పెట్టారు, రాత్రిపూట కథలా చదువుకోవడానికి బాగుంటాయి, లెక్కల ప్రాక్టీసుకి కాదు. లగ్రాంజ్ పాఠాలు మొదలయ్యాక టేలర్ (2005) చూడు. భాష తేలిక, బేసి సంఖ్య లెక్కలకి వెనక జవాబులున్నాయి. అన్నయ్య చెప్పిన గోల్డ్‌స్టీన్ దాని తర్వాత.

ప్రశ్న: బరంపురంలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. పాత పుస్తకాల్లో గోల్డ్‌స్టీన్ రెండో ఎడిషన్ చవగ్గా దొరికింది. మూడోదే కావాలా?

జవాబు: తీసేసుకో తమ్ముడూ. 1980 నాటి ఆ ఎడిషన్‌లో అసలు సరుకంతా ఉంది. మూడోదాంట్లో పూల్, సాఫ్కో చేరి కేయాస్ (మొదట్లో చిన్న తేడాకే తర్వాతి చలనం పూర్తిగా మారిపోవడం) మీద ఒక అధ్యాయం కలిపారు. నాన్‌హోలోనమిక్ కన్‌స్ట్రెయింట్ల (స్థానాల మధ్య సమీకరణంగా రాయలేని నిబంధనల) భాగంలో పొరపాట్లున్నాయని విమర్శలొచ్చిందీ ఆ ఎడిషన్ మీదే. సార్లు హోంవర్క్ లెక్కలు మూడో ఎడిషన్ నంబర్లతో ఇస్తారు కాబట్టి, లైబ్రరీ కాపీలో ప్రతి అధ్యాయం చివరి లెక్కల పేజీలు ఫోన్‌లో ఫోటో తీసుకో.